ఎయిర్ రైఫిల్‌తో నాలుగేళ్లు: పెల్లెట్లు తూచి, ఏరి, కాల్చి చూశాక

పర్లాకిమిడిలో మాది బంగారం పని. తాతగారి కాలం నుంచీ త్రాసు ముందు కూర్చోవడమే మా బతుకు. అందుకేనేమో, 2019 వేసవిలో టెక్సాస్‌లో మేనల్లుడి ఇంటికి వెళ్లినప్పుడు, వాడి గ్యారేజీలో ఓ మూలనున్న బల్ల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. పేలిపోయిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, కడిగి, ప్రెస్‌లో సైజు సరిచేసి, మందుని అంటించే కొత్త ప్రైమరు, మందు, గుండు పెట్టి మళ్లీ తూటా చేసుకుంటున్నాడు. రీలోడింగ్ అంటారు, అక్కడది మామూలు హాబీ. మందు తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు, అంటే మా లెక్కలో అర గురిగింజ కంటే ఒక పిసరు ఎక్కువ. అందులో పదోవంతు తేడా కూడా రానివ్వడు. "మావయ్యా, ఊపిరి ఇటు వదలకండి, త్రాసు ఊగుతుంది" అన్నాడు. నాకు పదేళ్లప్పుడు మా నాన్నగారు అన్న మాట అదే.

ఇంటికొచ్చాక కూడా ఆ బల్ల కళ్లలోంచి పోలేదు. విశాఖలో లైసెన్సున్న తుపాకుల దుకాణాయన్ని అడిగాను. ఆయన కూర్చోబెట్టి చెప్పాడు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. 2019 డిసెంబరు సవరణ తర్వాత ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష. చేతిలో తుపాకీ లైసెన్సు ఉన్నంతమాత్రాన అది తయారీ లైసెన్సు అయిపోదు. మాది కొండ ఊళ్లున్న సరిహద్దు జిల్లా, ఇటు ఒడిశా, రోడ్డు దాటితే ఆంధ్రా పాతపట్నం. ఇలాంటి చోట ఇంట్లో మందుగుండు పెట్టుకుని హాబీ అనడం తప్పు. వీడియోలు చూసి ఆశపడుతున్న కుర్రాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

అదే దుకాణంలో ఎయిర్ రైఫిల్ చూపించాడు, మందు లేకుండా గాలి ఒత్తిడితో గుండు కొట్టేది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు, అడ్రసు కాపీలు తీసుకుని బిల్లు రాసిచ్చాడు. ఆ బిల్లు ఇప్పటికీ రైఫిల్ సంచీలోనే ఉంటుంది. 2021 నుంచి నాలుగేళ్లలో దాదాపు పదివేల పెల్లెట్లు, అంటే ఇందులో పెట్టే చిన్న సీసం గుళ్లు, కాల్చాను. ఐదువందలేసి ఉండే డబ్బాలు ఇరవై. రాసేదంతా ఆ లెక్కలోంచే.

రైఫిల్ మన దేశంలో తయారైనదే. బారెల్ (తుపాకీ గొట్టం) మడిచి స్ప్రింగు బిగించే రకం. ఇదే ధరలో దొరికే వాటన్నిటి తీరూ ఇంచుమించు ఒకటే కాబట్టి కంపెనీ పేరు ముఖ్యం కాదు. విశాఖ మిత్రుడొకాయన వేగం కొలిచే యంత్రం తెచ్చి పెడితే 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 168 నుంచి 174 మీటర్లు పలికింది. లెక్క కడితే దాదాపు 7.7 జౌల్స్. కాగితం మీద గురికి ఇంతకంటే అక్కర్లేదు.

మా వీధిలో ఇళ్లన్నీ వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. వెనక వసారా నుంచి పెరటి చివరి గోడకు టేపు పెడితే పది మీటర్లు దాటి ఒక జానెడు వచ్చింది. పోటీల్లో ఎయిర్ రైఫిల్ దూరం కూడా సరిగ్గా పది మీటర్లే. గోడ ముందు చెక్కపెట్టె, దాని వెనక ఇనుప రేకు, లోపల పాత చీరలు దట్టంగా కూరాను. నేరుగా చెక్క మీదో రేకు మీదో కొడితే పెల్లెట్ వెనక్కి ఎగిరి కంటికి తగలొచ్చు, అందుకే కళ్లద్దాలు లేకుండా ఎవరూ వసారాలో నిలబడకూడదు. పెరటి తలుపుకి ఎర్రగుడ్డ కట్టి ఉంటే ఎవరూ గడియ తీయరు. మా ఆవిడ మొదటి వారం "ఏమండీ, ఇదంతా అవసరమా" అంది కానీ ఆ ఎర్రగుడ్డ కుట్టిచ్చింది తనే. పెరట్లో జామచెట్టుకి చిలకలొస్తాయి. రైఫిల్ కొన్నానంటే పిట్టలు కొడతావా అని అడిగినవాళ్లే ఎక్కువ. చిలకను కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చట్టం లేకపోయినా నేను కొట్టను.

ఇక అసలు సంగతి, పెల్లెట్లు. తూటా చేయలేని నా చేతులకి పని దొరికింది ఇక్కడే.

మొదట కొన్నవి చవక రకం. భూతద్దం కింద పెడితే ఒక్కో డబ్బాలో ఎన్ని అవతారాలో. వెనక పావడాలాంటి పల్చటి అంచు, దాన్ని స్కర్ట్ అంటారు, కొన్నిటికి నొక్కుకుపోయి, కొన్నిటికి చీలి, కొన్నిటికి అచ్చులో మిగిలిన సీసం రేకు అంటుకుని. త్రాసులో వేస్తే ఒకే డబ్బాలో 431 మిల్లీగ్రాములదీ ఉంది, 518దీ ఉంది. తర్వాత జర్మనీ నుంచి వచ్చే హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ 0.53 గ్రాముల డబ్బా తెప్పించాను. చవక రకం కంటే దాదాపు మూడింతల ధర. వంద తూచితే 527కీ 534కీ మధ్యే అన్నీ. ఆ వేళ త్రాసు చూస్తూ నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఒక జాగ్రత్త మాత్రం మా వృత్తివాళ్లకి. మొదటిరోజు దుకాణం త్రాసులోనే తూచబోతే మా తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆపాడు. సీసం చిటికెడు కలిసినా బంగారం పెళుసెక్కి రేకు కొట్టేటప్పుడు పగులుతుంది. అది మా ఇంట్లో పిల్లలకి కూడా తెలిసిన మాట, ఉత్సాహంలో నేనే మరిచాను. మర్నాడే వేరే త్రాసు, వేరే పళ్లెం కొన్నాను. పెల్లెట్లు పోసుకోవడానికి మా ఊరి కొమ్ము పనివాళ్లు చేసిన చిన్న గిన్నె పెట్టుకున్నాను. అవి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగందే మంచినీళ్లు కూడా తాగను.

రెండేళ్లు ప్రతి పెల్లెట్టూ తూచాను. మూడు మిల్లీగ్రాములకో గుంపు చేసి, పొట్లాలు కట్టి, నోట్‌బుక్కులో రాసుకుని. తర్వాత ఒక డిసెంబరులో కూర్చుని నిజంగా పనికొస్తోందా అని పరీక్ష పెట్టాను. కార్డుకి ఐదేసి దెబ్బలు, రకానికి పదేసి గురి కార్డులు. మంచి డబ్బావి తూచి కాల్చినవి సగటున 14 మిల్లీమీటర్ల వెడల్పులో పడ్డాయి, తూచకుండా కాల్చినవి 15. నాలుగు రాత్రుల కష్టానికి ఒక్క మిల్లీమీటరు! చవక రకం డబ్బాలోంచి యథాతథంగా తీసి కాలిస్తే 31. అందులోనే స్కర్ట్ చెడినవి ఏరి పారేసి, బరువు మాత్రం చూడకుండా కాలిస్తే 22.

కారణం లెక్క కడితే తెలిసింది. పది మీటర్లు వెళ్లడానికి పెల్లెట్‌కి సెకనులో నూటికి ఆరు వంతులు పడుతుంది. ఆలోపు అది కిందికి దిగేది 17 మిల్లీమీటర్లు. బరువు ఒక శాతం మారితే ఆ దిగడంలో తేడా మిల్లీమీటరులో ఐదోవంతు కూడా రాదు. కానీ స్కర్ట్ ఒక పక్క నొక్కుకుపోతే గాలి ఆ పక్కనుంచి జారిపోతుంది, పెల్లెట్ బారెల్‌లోంచి వంకరగా బయటపడుతుంది. అంటే మంచి డబ్బా కొన్నవాళ్లకి త్రాసు పెద్దగా అవసరం లేదు, చవకది కొన్నవాళ్లకి త్రాసు కంటే కళ్లు ముఖ్యం. రీలోడింగ్‌లో మందు తూకం ప్రాణంతో సమానం, ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడితే తుపాకీ పగిలిపోతుంది. ఆ గౌరవం తెచ్చి నేను ఇక్కడ పెట్టాను. తప్పులేదు, కానీ ఇక్కడ పని వేరు.

చేతి పట్టు సంగతి ఇంకా పెద్దది. స్ప్రింగు రైఫిల్ ట్రిగ్గర్ నొక్కగానే మొదట వెనక్కి తంతుంది, వెంటనే ముందుకి దూకుతుంది, పెల్లెట్ ఇంకా బారెల్‌లో ఉండగానే. గట్టిగా బిగించి పట్టుకున్న ప్రతిసారీ ఆ కదలిక ఒక్కో తీరుగా ఉంటుంది. ఎడమ అరచేతిని తెరిచి, దాని మీద రైఫిల్‌ని నిద్రపోతున్న పసిపిల్లలా ఊరికే ఆన్చి ఉంచడం అలవాటవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అలా పట్టడం వచ్చాక 35 మిల్లీమీటర్ల వెడల్పు నుంచి 18కి దిగాను, అదే డబ్బా, అదే రైఫిల్. గురి చూసుకోవడానికి రైఫిల్ మీద బిగించే మామూలు టెలిస్కోపు కూడా ఈ రెండువైపుల తన్నుకి ఆగదు. నాది నాలుగు నెలల్లో లోపలి గురిగీత వదులైంది. కొంటే స్ప్రింగు రైఫిల్‌కి పనికొచ్చేదని రాసి ఉన్నదే కొనండి.

చెడిపోయిన సంగతులూ చెప్పాలి. మొదటి వానాకాలం తుప్పు భయంతో కుట్టుమిషను నూనె గాలి రంధ్రంలో నాలుగు చుక్కలు వేశాను. మర్నాడు ట్రిగ్గర్ నొక్కగానే పెద్ద చప్పుడు, బారెల్ మూతి నుంచి పొగ. లోపల గాలి ఒత్తిడికి వేడెక్కి నూనె అంటుకుంది. అలా నాలుగైదుసార్లు జరిగేసరికి పిస్టన్ సీలు పోయింది. బాగుచేయడానికి పంపించిన చోట రెండు నెలలు ఉంచుకుని, మర ఒకటి అరగదీసి తిరిగిచ్చారు. ఇప్పుడు పైన ఇనుముకి మాత్రం సన్నగా నూనె గుడ్డతో తుడుస్తాను. రైఫిల్ చెక్కకున్న మరలు వందేసి దెబ్బలకోసారి బిగిస్తాను. పెల్లెట్ లేకుండా ఖాళీగా ఎప్పుడూ పేల్చను.

ఖరీదు గురించి ఎక్కువ చెప్పను. రైఫిల్ కంటే పెల్లెట్లకే ఎక్కువ పెట్టాను. చీరల పెట్టెలో పేరుకున్న సీసం తీసి తూస్తే ఐదు కిలోలు దాటింది. కరిగించే కొలిమి ఇంట్లోనే ఉన్నా ముట్టించలేదు, పాత బ్యాటరీలు కొనేవాడికి ఇచ్చేశాను.

2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకి బంగారం, 2012లో లండన్‌లో హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చింది ఈ పది మీటర్ల దూరంలోనే. ఆ కార్డు మీద పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. మా పాపకి అది చూపిస్తే నమ్మలేదు, నా దుకాణం భూతద్దం తెచ్చుకుని చూసింది. ఇప్పుడు డబ్బా విప్పేది తనే. గాజు పలక మీద పెల్లెట్లు ఒక్కొక్కటీ దొర్లిస్తుంది. స్కర్ట్ బాగుంటే నున్నగా అర్ధచంద్రంలా తిరుగుతుంది, నొక్కు ఉంటే తడబడుతుంది. "నాన్నా, ఇది కుంటుతోంది" అని పక్కన పెడుతుంది. మొన్న ఆదివారం విప్పిన డబ్బాలో అలాంటివి పదకొండు తేలాయి.