ముందు చక్రానికి బటన్లు, వెనుక చక్రానికి తారు: 52,000 కిలోమీటర్ల తర్వాత

ఒడిశాలోని రాయగడలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లలో వ్యవసాయ పంపుసెట్లు బాగుచేయడం నా పని. 2021 ఆరంభంలో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు మీద ఈ నాలుగున్నరేళ్లలో 52,000 కిలోమీటర్లు తిరిగాను. బండి గురించి చాలామంది రాశారు. నేను టైర్ల గురించి రాస్తాను. ఈ బండి మీద నేను పెట్టిన డబ్బులో, నేర్చుకున్న పాఠాల్లో ఎక్కువ వాటా వాటిదే.

ముందు చక్రం 21 అంగుళాలు, టైరు 90/90-21. వెనుక 17 అంగుళాలు, 120/90-17. రెండూ స్పోకుల చక్రాలు, లోపల ట్యూబులు. బండి బరువు 199 కిలోలు. దాని మీద నేను, పానాల సంచి, ఒక్కోసారి విప్పిన మోటారు. టైర్ల కంపెనీల పేర్లు రాయడం లేదు. దాదాపు ప్రతి కంపెనీ తారుకు ఒక రకం, మట్టికి ఒక రకం చేస్తోంది. మనం చూడాల్సింది బటన్ల ఎత్తు, అంటే టైరు మీద పొడుచుకొచ్చిన రబ్బరు దిమ్మల ఎత్తు, వాటి మధ్య ఉన్న ఖాళీ.

బండితో వచ్చిన టైర్లు 16,000 కిలోమీటర్లు నడిచాయి. తారు మీద వాటికి వంక పెట్టలేను. ఎండాకాలం మట్టి బాటల్లోనూ బాగానే ఉన్నాయి. తొలకరి పడగానే కథ మారింది. మా వైపు నేల ఎర్రమట్టి. నాలుగు చినుకులు పడితే పైపొర సబ్బులా అవుతుంది, గట్టి వాన కురిస్తే పిండి ముద్దలా అంటుకుంటుంది. కాశీపూర్ వైపు ఒక రాగి చేను పక్కన, ఎడ్లబండి గాడిలోంచి బయటికి రాబోయి ముందు చక్రం పక్కకు జారింది. వేగం పదిహేను కూడా లేదు. హ్యాండిల్ ఎటు తిప్పినా చక్రం గాడిలోకే పోయింది, బండి నా ఎడమ కాలి మీద ఒరిగింది. లేచి చూస్తే ముందు టైరు గాళ్లు కనిపించడం లేదు. మట్టి నిండిపోయి నున్నటి ఎర్రటి గుండ్రం ఒకటి మిగిలింది. వేలితో గీరితే ముద్దలు ముద్దలుగా ఊడింది. గాళ్లు ఇరుకుగా ఉంటే మట్టి బయటికి పోదు, పోకపోతే టైరు ఉన్నా లేనట్టే అని అక్కడే కళ్లారా చూశాను.

దాంతో రెండోసారి పూర్తిగా అటువైపు మొగ్గాను. రెండు చక్రాలకూ పెద్ద బటన్ల టైర్లు, 50-50 అని, అంటే సగం తారుకు, సగం మట్టికి అని అమ్మే రకం. బురదలో అవి చేసిన మేలు మరిచిపోలేను. బటన్ల మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంటుంది కాబట్టి చక్రం తిరిగేకొద్దీ మట్టి దానంతట అదే ఊడి మడ్‌గార్డుకు కొట్టుకుంటుంది. అంతకుముందు రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లిన ఊళ్లకు నేరుగా పంపు దగ్గరికే వెళ్లాను.

తారు మీద మాత్రం లెక్క తిరగబడింది. ఒక ఆగస్టు ఉదయం కొరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు దిగుతున్నాను. 26వ నంబరు జాతీయ రహదారి, పొట్టంగి దాటాక ఘాట్ మలుపులు, మంచు, ముందొక లారీ. తడి తారు మీద వంగినప్పుడల్లా వెనుక చక్రం కింద ఏదో మెత్తగా కదిలినట్టు ఉండేది. కారణం తేలికే. నేలకు ఆనేది బటన్ల తలలు మాత్రమే. మధ్యలో ఖాళీ ఎంత ఉంటే రోడ్డును పట్టే రబ్బరు అంత తగ్గుతుంది. పైగా ఎత్తైన బటన్ బరువు పడగానే పక్కకు వాలుతుంది. లారీ ఒక్కసారి ఆగితే బ్రేకు పట్టాను. చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటకా కొట్టుకుంది, బండి నేను అనుకున్న చోటు దాటి వెళ్లి ఆగింది. ఏమీ కాలేదు. కానీ సాలూరు చేరి టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు వేళ్లు ఇంకా లివరు పట్టుకున్నట్టే ఉన్నాయి.

అరుగుదల ఇంకో బాధ. వెనుక టైరు 8,500 కిలోమీటర్లకు అయిపోయింది. దాని స్థానంలో వేసిన అదే రకం 7,900కే. ముందుది అదే కాలంలో 16,400 లాగింది. ఇక్కడ ఆగి ఆలోచించాను. వెనుక చక్రం బండిని తోస్తుంది, సామాను బరువంతా దాని మీదే, అందుకే సగం ఆయుష్షు. మరి నన్ను కింద పడేసింది ఏది? ప్రతిసారీ ముందు చక్రమే. వెనుక చక్రం జారితే బండి తోక ఊపుతుంది, యాక్సిలరేటరు కాస్త తగ్గిస్తే దారికొస్తుంది. ముందు చక్రం జారితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

ఆ నెలంతా చిన్న పుస్తకంలో తిరిగిన దారి రాసుకున్నాను. మొత్తం వెయ్యి కిలోమీటర్ల చిల్లర. అందులో ఏడు వందలకు పైగా తారు: పార్వతీపురం, లక్ష్మీపూర్, మునిగుడ రోడ్లు. రెండు వందల పైన గ్రామాల సిమెంటు రోడ్లు, కంకర తేలిన బాటలు. నిజమైన బురద తొంభై కిలోమీటర్లు కూడా లేదు. ఆ తొంభై కోసం మిగిలిన తొమ్మిది వందల కిలోమీటర్లూ తప్పు టైరు మీద తిరుగుతున్నాను. అలాగని ఆ తొంభైని వదులుకోలేను, నా పని ఉన్నది ఆ చివరనే. మీ రోడ్డు మీకే తెలుస్తుంది. కొనేముందు ఒక నెల ఇలా రాసి చూడండి.

అప్పటి నుంచి ముందు పెద్ద బటన్ల టైరు, వెనుక 70-30 రకం, అంటే ఎక్కువ వంతు తారుకు, తక్కువ వంతు మట్టికి చేసినది, వాడుతున్నాను. వెనుక దాంట్లో బటన్లు పొట్టిగా, దగ్గరగా, మధ్య గీత వెంట దాదాపు అతుక్కుని ఉంటాయి. మొదటిది 14,200 కిలోమీటర్లు వచ్చింది. రెండోది ఇప్పటికి 5,400 తిరిగింది, ఇంకా సగానికి పైగా ఉంది. ఘాట్‌లో వెనుక చక్రం కదలిక పోయింది. లోతు బురదలో వెనుక చక్రం తిరుగుతూ ఉండిపోవడం అప్పుడప్పుడు జరుగుతుంది, దిగి తోస్తాను. దిగి తోయడానికి నాకు అభ్యంతరం లేదు, పడడానికే ఉంది. ఇలా కలిపి వేసేవారు ఒకటి చూసుకోవాలి. టైరు లోపలి దారాల అల్లికను బట్టి రేడియల్, బయాస్ అని రెండు రకాలు. రేడియల్ ఒకవైపు, మామూలు బయాస్ టైరు ఒకవైపు వేయకూడదు. నావి రెండూ బయాస్ రకమే.

ఈ మూడో విడత మొదట్లో ఒక దెబ్బ తిన్నాను. మా పట్టణంలో 21 అంగుళాల టైరు దొరకడం కష్టం, అందుకని పెద్ద ఊరి దుకాణం నుంచి బస్సులో తెప్పించుకున్నాను. పచ్చిగా నల్లగా మెరుస్తూ వచ్చింది. రెండు వేల కిలోమీటర్లకే బటన్ల మొదట్లో వెంట్రుకవాసి పగుళ్లు. అప్పుడు టైరు పక్క గోడ మీది అంకెలు చూశాను: 1419. అంటే 2019లో 14వ వారం తయారీ. నేను కొన్నది 2023లో. మెరుపు పూతది, రబ్బరు ఎప్పుడో గట్టిపడింది. ఇప్పుడు డబ్బు కట్టకముందే ఆ నాలుగు అంకెల ఫోటో పంపమంటాను. పంపని దుకాణంలో కొనను. పక్కనే ఉండే 64ఎస్ లాంటి గుర్తూ చదవండి. 64 అంటే ఆ టైరు 280 కిలోలు మోస్తుందని, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని. సామాను వేసుకుని తిరిగేవారికి ఆ మొదటి అంకె ముఖ్యం. బిగించేటప్పుడు బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో దగ్గరుండి చూసుకోవాలి.

గాలి గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. తారు మీద ముందు 25 పీఎస్ఐ, వెనుక 30 పెడతాను. బురద మొదలయ్యే చోట ఆగి ముందు 20కి, వెనుక 22కి దించుతాను. టైరు పరుచుకుని నేలను ఎక్కువగా పట్టుకుంటుంది, ఆ తేడా టైరు మార్చినంత ఉంటుంది. అంతకంటే దించడం ప్రమాదం. నేను ఒకసారి 15కు దించాను. కళ్యాణసింగ్‌పూర్ అవతల, నియమగిరి వాలులో, చీకటి పడే వేళ వెనుక చక్రం ఉన్నట్టుండి చతికిలపడింది. మేకు లేదు, ముల్లు లేదు. గాలి తక్కువై టైరు రిమ్ము మీద జారింది, దాంతోపాటు ట్యూబునూ లాక్కుపోయింది. వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలోనే ఇరుక్కుని మొదలంటా చిరిగింది. అక్కడ చిరిగితే ఏ ప్యాచీ నిలవదు.

ఆ రాత్రి నన్ను ఇంటికి చేర్చింది సంచిలో ఉన్న 21 అంగుళాల ముందు ట్యూబు. అవసరానికి దాన్ని 17 అంగుళాల చక్రంలోనూ సర్దవచ్చు, పెద్ద ట్యూబును చిన్న చక్రంలో మడతలు పడకుండా కూర్చాలి అంతే. ఆ ఊరి కుర్రాడు ఒకడు, ‘అన్నా, నేను పట్టుకుంటాను’ అని ఫోను లైటు పట్టుకుని గంటసేపు పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి వాల్వు మొదట ఉండే చిన్న నట్టును రిమ్ముకు బిగించడం మానేశాను. దాన్ని పైకి తిప్పి మూతకు ఆనించి ఉంచుతాను. ట్యూబు జరగడం మొదలైతే వాల్వు పక్కకు వాలి కనిపిస్తుంది, చిరగకముందే గాలి తీసి సర్దుకోవచ్చు. బండి తీసే ముందు రెండు వాల్వులూ నిటారుగా ఉన్నాయా అని వంగి చూడడం ఇప్పుడు అలవాటైపోయింది.

అసౌకర్యాలూ చెప్పాలి. ముందు బటన్ల టైరు అరవై దాటితే బుయ్యిమని మోగుతుంది, పార్వతీపురం వరకు అదే తోడు. బ్రేకుల వల్ల బటన్లు ఒక అంచున ఎక్కువ అరిగి మోత ఇంకా పెరిగింది. తారు మీద ముందు చక్రం పట్టు మామూలు టైరంత రాదు, అది ఒప్పుకుని వానలో ముందు బండికి రెట్టింపు దూరం ఉంచుతాను. నెలకు నా అంత బురద కూడా తగలని వారికి రెండు వైపులా 70-30 చాలు, ఆ మోత భరించాల్సిన పని లేదు.

ఇప్పుడున్న ముందు టైరు 17,600 కిలోమీటర్లు తిరిగింది. నిన్న కొలిస్తే మధ్య బటన్లు 3 మిల్లీమీటర్లు ఉన్నాయి. చట్టం రెండు చక్రాల బండికి 0.8 వరకు ఒప్పుకుంటుంది, కానీ ఎర్రమట్టిలో మూడు దగ్గరే పని అయిపోయినట్టు లెక్క. అదే రకం ముందు టైరు ఇంకొకటి చెప్పాను. తయారీ తేదీ ఫోటో ఇంకా రాలేదు, వచ్చాక డబ్బు పంపుతాను.