హయాక్‌లో స్లెడ్డింగ్: వాలు సరే, ముందు కింది చదును చూడండి

సియాటిల్ చుట్టుపక్కల పిల్లలున్న తెలుగిళ్లల్లో డిసెంబరు సెలవులు దగ్గరపడగానే మొదలయ్యే మాట, "ఈసారి స్నోకి ఎక్కడికెళ్తున్నారు?" నన్నడిగితే చాలా ఏళ్లుగా ఒకే పేరు చెబుతున్నాను: హయాక్ స్నో పార్క్. ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ పాస్ అనే కొండ కనుమ దాటగానే 54వ ఎగ్జిట్ దగ్గర. ఎలా వెళ్లాలి, ఏం వేసుకోవాలి అన్నవి ఇక్కడుండేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. నాకు ఆ చోటంటే ఇంత ఇష్టం కలగడానికి కారణం ఆ వాలు కింద ఉన్న చదును నేల.

స్లెడ్డింగ్‌కి, అంటే స్లెడ్ మీద కూర్చుని మంచు వాలు జారడానికి, చోటు వెతికేటప్పుడు అందరి కళ్లూ కొండ మీదే ఉంటాయి. ఎంత ఎత్తుంది, ఎంత స్పీడొస్తుంది అని. నేను ముందు కింద చూస్తాను. పిల్లాడు జారుకుంటూ వచ్చి ఎక్కడ ఆగుతాడు? చెట్టు మొదట్లోనా, కాలవలోనా, కార్లు తిరిగే చోటా? పాస్ మీద హైవే పక్కన కారాపి, రోడ్డు గట్టు మీంచి పిల్లల్ని జారనిచ్చేవాళ్లు ఇప్పటికీ కనబడుతూనే ఉంటారు. చూసినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది. అక్కడా వాలు బాగానే ఉంటుంది, ఆగడానికే చోటుండదు.

హయాక్‌లో వాలంతా చెట్లు లేకుండా తెరిపిగా ఉంటుంది. యంత్రంతో మంచుని సాపు చేసి ఉంచుతారు. కిందకొచ్చేసరికి నేల చదునవుతుంది, స్లెడ్ దానంతటదే నెమ్మదించి ఆగుతుంది. మా పెద్దోడు మొదటిసారి ఒక్కడే కూర్చుని జారింది ఇక్కడే. వాడికప్పుడు నాలుగేళ్లు. నేను కింద నిలబడ్డాను. నీలం రంగు ప్లాస్టిక్ సాసర్ స్లెడ్ గిర్రున తిరుగుతూ వచ్చి నా బూట్లకి రెండడుగుల ఇవతల ఆగింది. తిరిగీ తిరిగీ వాడి మొహం కొండవైపుకి ఉంది. నేను వెనకే ఉన్నానని తెలియక పైకి చూస్తూ "అమ్మా, చూశావా?" అని అరుస్తున్నాడు. పిల్లల్ని ధైర్యంగా వదిలేయగలిగే చోటు దొరకడం ఎంత నిశ్చింతో ఆరోజు తెలిసింది నాకు.

వేరే చోట్లకీ వెళ్లాం. పక్కనే స్కీ రిసార్టులో టికెట్ పెట్టి చేసే ట్యూబింగ్ (గాలి ట్యూబులో కూర్చుని జారడం) ఉంది. ఎవరి దారి వాళ్లకి విడిగా ఉంటుంది, ట్యూబులు వాళ్లే ఇస్తారు, పైకి ఎక్కే శ్రమ లేకుండా లాగే ఏర్పాటూ ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే నయం. కాకపోతే టైము ముందే బుక్ చేసుకోవాలి, సెలవుల్లో టికెట్లు త్వరగా అయిపోతాయి. మా పాపకి గ్లోవ్స్ తొడిగి, ఏడుపు మాన్పించి, బాత్రూముకి తీసుకెళ్లొచ్చేసరికి మా టైము సగం కరిగిపోతుంది.

ఇక మౌంట్ రెయినియర్ మీది పారడైజ్. 5,400 అడుగుల ఎత్తు, మంచుకి కొదవే లేదు. 1971-72 చలికాలంలో అక్కడ 1,122 అంగుళాల మంచు పడింది, అంటే 93 అడుగుల పైమాటే. జారడానికి కేటాయించిన చోటే జారాలి. గాలి ట్యూబులు, మెత్తటి ప్లాస్టిక్ స్లెడ్లు తప్ప చెక్కవి, ఇనుప పట్టాలున్నవి ఒప్పుకోరు. నవంబరు 1 నుంచి మే 1 దాకా ఆల్ వీల్ డ్రైవ్ కారైనా సరే చైన్లు వెంట ఉండాల్సిందే. పైకెళ్లే దారిలో లాంగ్‌మైర్ దగ్గర గేటు రాత్రి మూసేసి, పొద్దున రోడ్డు మీద మంచు తీశాక తెరుస్తారు. అందానికి దానికి సాటి లేదు, కానీ ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకునే పిల్ల ఉన్న మాకు అది ఏడాదికోసారి కూడా కష్టమే.

అలా తిరిగి తిరిగి హయాక్‌కే వస్తుంటాం. ఇంతగా పొగిడిన ఆ చదును గురించే ఇంకో సంగతి కూడా చెప్పాలి.

స్నోక్వాల్మీ పాస్ ఎత్తు మూడు వేల అడుగులే. అందుకని నడి చలికాలంలో కూడా అక్కడ వాన పడుతుంది. హవాయి వైపు నుంచి వెచ్చటి మబ్బులు వచ్చాయంటే కుండపోత. ఆ తర్వాత ఆకాశం తేటపడితే రాత్రికి గడ్డకట్టే చలి. తడిసిన మంచంతా రాయిలా బిగుస్తుంది. ఒక జనవరిలో మేము వెళ్లింది అలా వాన వెలిసిన మర్నాడు. ఎండ కాస్తోంది, కొండ మెరుస్తోంది, పిల్లలకి పట్టపగ్గాల్లేవు. బూటు మడమతో గట్టిగా తన్నినా మంచులో గుంట పడలేదు.

మా ఆయన, పెద్దోడు కలిసి గాలి ట్యూబులో కూర్చున్నారు. స్లెడ్ అయితే మడమలు ఆనించి ఆపుకోవచ్చు. ట్యూబులో నడుం లోపలికి దిగబడి కాళ్లు గాల్లో ఉంటాయి, ఆపడానికేమీ ఉండదు. ఎప్పుడూ స్పీడు తగ్గే చోటుకి వచ్చారు. తగ్గలేదు. చదునంతా దాటేస్తున్నారు. ముందు ఒక కుటుంబం స్లెడ్లు లాక్కుంటూ నింపాదిగా నడుస్తోంది. నా నోటెంట ఇంగ్లీషు రాలేదు, "జరగండి, జరగండి!" అని తెలుగులోనే అరిచాను. భాష అర్థం కాకపోయినా గొంతు అర్థమైనట్టుంది, ఆ తండ్రి చంటిపిల్లని చంకలోకి లాక్కుని పక్కకి దూకాడు. ట్యూబు వాళ్ల ఖాళీ స్లెడ్‌ని గుద్ది, అవతల పోగేసిన మంచు గట్టుకి తగిలి ఆగింది. మా ఆయన మోచెయ్యి దోక్కుపోయింది, పెద్దోడి పెదవి చిట్లింది. తెల్లటి మంచు మీద ఆ రెండు రక్తపు చుక్కలు చూసి నా కాళ్లలో వణుకు చాలాసేపు తగ్గలేదు. ఆ తండ్రికి సారీ చెబితే, "ఇందాక మేమూ ఇలాగే వచ్చాం, పిల్లాడెలా ఉన్నాడు?" అని అడిగాడు. ఆ మాటకి ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటాను.

విచిత్రమేంటంటే అదే రోజు, అదే కొండ మీద, మధ్యాహ్నం రెండు దాటి పైపొర మెత్తబడ్డాక స్లెడ్లన్నీ మళ్లీ ఎప్పటిచోటే ఆగాయి. మెత్తటి మంచులో ఆ చదును కావలసినంత ఉంది. గడ్డకట్టిన పొద్దుటి పూట, అందులోనూ ఇద్దరెక్కిన ట్యూబుకి, అది చాలదు.

అప్పట్నుంచి బయల్దేరే ముందు స్నోక్వాల్మీ పాస్ రోడ్డు కెమెరాలతో పాటు ముందురోజు అక్కడ పడింది వానా మంచా అని కూడా చూస్తున్నాం. వాన పడి గడ్డకడితే ఎండెక్కాక వెళ్తాం, ట్యూబు ఇంట్లోనే ఉంటుంది. పిల్లలకి హెల్మెట్ ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడో చిక్కుంది. శని, ఆదివారాలు పొద్దున్నే వెళ్లకపోతే పార్కింగ్ నిండిపోతుంది. మా ఆయనకి వారం మధ్యలో సెలవు దొరుకుతుంది, మేముండేది ఇసక్వాలో, ముప్పావుగంట దారి, కాబట్టి మాకు సాగుతోంది. వారాంతం తప్ప కుదరనివాళ్లు, టకోమా అవతలి నుంచి వచ్చేవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

పర్మిట్ సంగతి కూడా. రాష్ట్ర పార్కులకి తీసుకునే డిస్కవర్ పాస్ ఉంది కదా అంటే కుదరదు, స్నో పార్క్ పర్మిట్ వేరే. సీజన్ మొత్తానికి తీసుకుంటే హయాక్‌కి గ్రూమింగ్ (మంచు సాపు చేయడం) స్టిక్కర్ అదనంగా కావాలి, ఒక్కరోజు పర్మిట్‌కి ఆ స్టిక్కర్ అక్కర్లేదు. లెక్క కారుకి కాబట్టి రెండు కుటుంబాలు ఒకే వ్యాన్‌లో వెళ్తే కలిసొస్తుంది.

పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. మా అత్తయ్య మంచు అంటే భయపడుతూనే వచ్చారు. వెచ్చటి బాత్రూము ఉందని చూశాకే కాస్త కుదుటపడ్డారు. పక్కనే కీచెలస్ చెరువు వెంబడి పాత మిల్వాకీ రైలు మార్గం ఉంది. 1980లో రైళ్లు ఆగిపోయాక అది నడకదారి అయింది. రైలు నడిచిన దారి కనుక ఎత్తుపల్లాలుండవు. స్కీ చేసేవాళ్ల కోసం మంచులో వేసిన గీతలు తొక్కకుండా పక్కగా, మా ఆయన చెయ్యి పట్టుకుని అత్తయ్య చాలా దూరమే నడిచారు. తిరిగొచ్చి కారు డిక్కీ దగ్గర పులిహోర తింటూ, "రేపు కూడా వద్దామా?" అన్నారు.

నాలుగు నుంచి పదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికైతే నా ఓటు హయాక్‌కే, మంచు మెత్తగా ఉన్న రోజుల్లో. మా పెద్దోడికి మాత్రం ఇప్పుడది చప్పగా ఉందట, రిసార్టు ట్యూబింగే కావాలంటున్నాడు. ఈ చలికాలం వాడికోసం అక్కడ టికెట్లు ముందే తీసి పెట్టాం. పాపకి ఇంకో మూడు నాలుగేళ్లు హయాక్ చాలు.