చిన్న కేర్ హోమ్‌లో చేర్చే ముందు, రాత్రిపూట ఎవరు మేలుకుని ఉంటారో కనుక్కోండి

ఇంట్లో పెద్దవాళ్ల కోసం చిన్న కేర్ హోమ్ వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా పెద్దమ్మకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదనే రాస్తున్నాను. ఆవిడకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉంది, ఎవరైనా పట్టుకుంటే తప్ప మంచం దిగలేదు.

పది మంది కూడా లేని హోమ్ అది. గదులు శుభ్రంగా ఉన్నాయి, నిర్వాహకురాలు ఆప్యాయంగా మాట్లాడింది, పెద్ద సంస్థల్లో ఉండే హడావిడి లేదు. చిన్న హోమ్‌లను చాలామంది ఇష్టపడేది ఇందుకే, అందులో తప్పేమీ లేదు. పగటిపూట బాగానే చూసుకున్నారు కూడా. సమస్యంతా చీకటి పడ్డాక మొదలయ్యేది.

రాత్రికి అందరికీ కలిపి ఒక్కటే అటెండెంట్. పొద్దున్నుంచి వంట చేసి, గదులు తుడిచిన మనిషే రాత్రీ ఉండాలి. ఆవిడ మాత్రం ఎంతసేపని మేలుకుంటుంది? ఒకరిని బాత్రూమ్‌కి తీసుకెళ్తే మిగతావాళ్లను చూసే దిక్కు లేదు. ఇలాంటి చోట పెద్దవాళ్లు అసలు లేవకుండా ఉండే ఏర్పాట్లు మొదలవుతాయి. సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేస్తారు. డైపర్ వేసి తెల్లారేదాకా మార్చరు. గొడవ చేసేవాళ్లకి మత్తు మాత్ర వేస్తారు. మా పెద్దమ్మకు ఈ మూడూ చేశారు.

ముందు మాకు కనిపించింది మత్తే. మధ్యాహ్నం వెళ్లినా కళ్లు తెరవలేకపోయేది. అడిగితే "వయసైపోయింది కదండీ" అనేవాళ్లు. బట్టలు వదులయ్యాయి, పెదాలు ఎండిపోయాయి. మందుల చార్ట్ చూపించమంటే రేపు, ఎల్లుండి అని దాటేశారు. గట్టిగా పట్టుబట్టి చూస్తే అందులో మా డాక్టర్ రాయని మాత్ర ఒకటి ఉంది. అంతకన్నా ఘోరం, మర్నాడు వేయాల్సిన మందులకు కూడా అప్పటికే టిక్కులు పెట్టేసి ఉన్నాయి. అంటే ఆ చార్ట్‌లో ఏ టిక్కునూ నమ్మడానికి లేదు.

ఆ మాత్ర యాంటీసైకోటిక్ రకానిది, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే మందు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ఈ మందుల వల్ల మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందుల గురించి, 2008లో పాత తరం మందుల గురించి కూడా హెచ్చరించింది. తప్పనిసరైనప్పుడు డాక్టర్ ఆలోచించి, కొన్నాళ్లకని రాయడం వేరు. రాత్రి చూసుకునే మనుషులు లేరని వేయడం వేరు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

హాస్పిటల్‌కి తీసుకెళ్తే ఒంట్లో నీరు తగ్గిపోయిందన్నారు, నడుము కింద బెడ్‌సోర్ ఉందన్నారు. కదల్లేని మనిషిని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. రాత్రంతా ఒకే వైపు పడుకోబెడితే ఎముక ఒత్తుకున్నచోట చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. చూడటానికి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా దుప్పటి తీసి మడమలు, తుంటి, నడుము కింది భాగం చూడండి. ఎర్రబడినచోట వేలితో నొక్కితే తెల్లబడకుండా అలాగే ఉంటే అది పుండుకు మొదటి దశ. చామనఛాయ, నల్లటి చర్మంలో ఎరుపు అంత తేలిగ్గా తెలియదు, అందుకని ఆ చోటు వేడిగానో గట్టిగానో ఉందేమో తాకి చూడాలి. బరువు కూడా నెలనెలా రాయించండి. నెలలో నూటికి ఐదు వంతులు తగ్గితే వెంటనే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం.

చేర్చే ముందు హోమ్ చూడటానికి ఎలాగూ వెళ్తారు. పగలు ఒకసారి వెళ్లి వచ్చాక, చెప్పకుండా రాత్రి భోజనాలయ్యాక ఇంకోసారి వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే ఎందుకని అడగండి. ఎంతమంది స్టాఫ్ అని అడిగితే పగటి లెక్క చెప్తారు, కాబట్టి రాత్రి మేలుకుని ఉండేది ఎవరు, ఆ మనిషి సెలవు పెడితే బదులు ఎవరు వస్తారు అని విడిగా అడగండి. చిన్న హోమ్‌లో ఒక్కరు రాకపోయినా ఆ రోజు అంతా తలకిందులే. లైసెన్సు, తనిఖీ రిపోర్టు చూపించమనండి. కింద పడిపోతే ఇంటికి ఎంతసేపట్లో ఫోన్ చేస్తారో, మందు మార్చాలంటే ఎవరి అనుమతి తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. మా ఒప్పందంలో ఈ రెండూ లేవు. డైపర్లకి, డాక్టర్ వచ్చినప్పుడల్లా విడిగా బిల్లు వేయొచ్చని మాత్రం స్పష్టంగా ఉంది.

ఇప్పటికే మీవాళ్లు అలాంటి చోట ఉండి, వేరే చోటికి మార్చాలనుకుంటే ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఖాళీ చేస్తున్నామని చెప్పకముందే మందుల చార్ట్, బరువు రాసిన పుస్తకం, బిల్లులు అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. పుండు ఉంటే దాన్ని కూడా తేదీతో సహా తీయండి. మేము చెప్పిన మరుసటి రోజే ఆ చార్ట్ కనిపించడం లేదన్నారు, అడ్వాన్స్ కూడా తిరిగి ఇవ్వలేదు. ముందే తీసిన ఫొటోలు ఉన్నాయి కాబట్టే అధికారులకు ఫిర్యాదు ఇవ్వగలిగాం.