తూజా, క్రిస్మస్ చెట్లు కొంటున్నారా? పచ్చగా ఉన్నాయి కదా అని డబ్బులు కట్టేయకండి

శ్రావణంలో మా గృహప్రవేశం. గేటు పక్కన వరసగా పెడదామని కడియం వైపు ఒక నర్సరీలో 12 తూజా మొక్కలు (ఏడాదంతా పచ్చగా ఉండే అలంకరణ మొక్కలు) తెచ్చాం, ఒక్కోటి 450 రూపాయలు. మూడు వారాలు కళకళలాడాయి. తర్వాత ఆకు మెరుపు తగ్గి బూడిదరంగుకి తిరిగింది, దసరా నాటికి కొసల నుంచి ఇటుకరంగు. ఫోన్ చేస్తే "పేనుబంక పట్టిందండి, ఈ మందు కొట్టండి, వారంలో తేరుకుంటాయండి" అని 680 రూపాయల సీసా అంటగట్టారు. రెండుసార్లు కొట్టాం. లాభం లేదు.

అప్పుడు కొమ్మ కింద తెల్లకాగితం పట్టి గట్టిగా దులిపాను. నల్లి (ఆకు రసం పీల్చే అతిచిన్న పురుగు) ఉంటే దుమ్మురేణువుల్లాంటివి కాగితం మీద పాకుతాయి, వేలితో రుద్దితే మరక పడుతుంది. ఒక్కటీ కదల్లేదు. నల్లి అల్లే సన్నటి సాలెగూడులాంటి బూజూ లేదు, పేనుబంక జిగురూ లేదు. సరే, ఒక మొక్క పీకి చూశాను. కడుపు మండిపోయింది. పైన రెండంగుళాలు కొబ్బరిపొట్టు, కింద బంకమట్టి ముద్ద, దాని చుట్టూ విప్పని ప్లాస్టిక్ గోతం! వేర్లు నల్లగా, మురుక్కాలవ వాసన. చేత్తో లాగితే పైతోలు ఊడి, లోపల దారం మిగిలింది. మా డెల్టా నల్లరేగడిలో, అదీ వానాకాలంలో, ఆ ముద్దలోంచి నీరు ఎటు పోతుంది?

ఇక్కడే మనం మోసపోయేది. మల్లెకో మందారానికో వేరు చెడితే రెండ్రోజుల్లో వాడి చెప్పేస్తుంది. తూజా, క్రిస్మస్ చెట్టు లాంటివి అలా కాదు, వేరు చచ్చినా ఆకు వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. మనం కొనేది ఆ వారాల్లోనే.

లోపలివైపు పాత ఆకులు మాత్రమే ఎండి రాలుతుంటే కంగారుపడకండి, అది సహజం. కొసలు, కొత్త చిగుళ్ళు మాడితే మాత్రం మందు కొట్టే ముందు వేరు చూడండి. తూజాలో పూర్తిగా ఎండిన కొమ్మ మళ్ళీ చిగురు వేయదు, ఎదురుచూసి లాభం లేదు.

నర్సరీలన్నీ ఇలాంటివని అనను, తరతరాలుగా నిజాయితీగా పెంచేవాళ్ళూ అక్కడే ఉన్నారు. కానీ డబ్బు కట్టే ముందు ఒక్క మొక్కకైనా కవరు కోయించి చూడండి. వేరు గట్టిగా, కొత్త వేర్ల కొసలు తెల్లగా ఉండాలి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

మావి తొమ్మిది పోయాయి. మిగిలిన మూడింటికి గోతం కోసి, మట్టి కడిగి, ఇసుక కలిపిన ఎత్తు గట్టు మీద పెట్టాను. నిన్న గోటితో బెరడు గీకితే లోపల ఇంకా పచ్చగానే ఉంది.