ఆ చెత్తబుట్ట ఎక్కడ బోర్లించారంటే: కోనసీమలో మూడు రోజులు

దిండిలో హౌస్‌బోట్ ఎక్కగానే మా ఆవిడ సంబరపడింది. గదిలో మూత ఉన్న చెత్తబుట్ట, దానికి నల్ల కవరు కూడా తొడిగి ఉంది. చిప్స్ ప్యాకెట్లు, టీ కప్పులు, నీళ్ల బాటిళ్లు అన్నీ బుద్ధిగా అందులోనే వేశాం. రాత్రి భోజనాలయ్యాక కుర్రాడొచ్చి బుట్ట పట్టుకెళ్లాడు. కాసేపటికి వంటగది వైపు నీళ్లలో ఏదో పడ్డ చప్పుడు. వెళ్లి చూస్తే బుట్ట గోదాట్లో బోర్లించి అడుగున తడుతున్నాడు. కవరు మాత్రం జాగ్రత్తగా దులిపి, మళ్లీ బుట్టకే తొడిగాడు.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"ఏం పర్లేదండి, ఇప్పుడు ఆటు కదా, పొద్దున్నకల్లా సముద్రంలోకి ఎల్లిపోద్ది."

పొద్దున్నకల్లా పోటు మొదలైంది. కిటికీ తెరిస్తే వశిష్ఠ గోదావరి మీద మంచు, దూరంగా చించినాడ వంతెన, పడవని ఆనుకుని మేం తిన్న చిప్స్ ప్యాకెట్టు. పక్కనే రెండు కప్పులు.

పండుగప్ప పులుసు అద్భుతం, ఏసీ బాగా పనిచేసింది, కుర్రాళ్లు మర్యాదస్తులు. ఒక్క రాత్రికి తొమ్మిది వేలు ఇచ్చాం. అయినా మళ్లీ ఎక్కను. ఎక్కదలచుకున్నవాళ్లు డబ్బు కట్టేముందు, చెత్త ఎక్కడ దింపుతారని ఓనర్ని అడగండి. నేను అడగలేదు.

ఇది 2024 ఫిబ్రవరి సంగతి. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి రథోత్సవం అయి నాలుగు రోజులే అయింది. కారుని నరసాపురం రేవులో వదిలేసి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లి దాటి, అక్కణ్ణుంచి ఆటోలో అంతర్వేది గుడికి వెళ్లాం. పంటు ప్రయాణం చవక, హాయి. దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది. గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్తేనే ప్రాణం ఉసూరుమంది. ఇసకలో సగం పూడిపోయిన ప్లాస్టిక్ గ్లాసులు. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం ఉన్న గ్లాసులే ఇవి. నీళ్ల బాటిళ్లు ఆ జాబితాలో లేవు కాబట్టి వాటికి లెక్కే లేదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం ఇది. తీర్థానికి వచ్చింది మనవాళ్లే, వేరే ఎవర్నో అని లాభం లేదు. నా చేతిలోనూ బాటిల్ ఉంది. మూడు రోజుల్లో మేమిద్దరం పద్నాలుగు కొన్నాం.

రెండో రాత్రి రాజోలు వైపు ఒక లంకలో, కొబ్బరితోట మధ్య పెంకుటింట్లో దిగాం. వేడినీళ్లు కావాలంటే ముందే చెప్పాలి, దోమలు దండిగా ఉన్నాయి, వైఫై లేదు. కానీ మంచినీళ్లు ఇత్తడి బిందెలో పెట్టారు, అన్నం అరిటాకులో వడ్డించారు. తిన్న ఆకులు గేదెకి. బొండాల డొక్కలు ఎండబెట్టి పొయ్యిలోకి. బాటిళ్లకి వసారాలో ఓ గోనెసంచి వేలాడుతోంది. హౌస్‌బోట్ దెబ్బతో నేరుగా అడిగేశాను, మిగతావి ఏం చేస్తారని.

"బాటిళ్లకైతే పాత ఇనప సామాన్లోడు వత్తాడండి. చిప్స్ కవర్లకి ఎవడూ రాడు కదండీ" అన్నాడు ఇంటాయన. తోట చివర కాలుస్తారట. చూపించాడు కూడా, బూడిదలో కరిగి ముద్దకట్టిన రంగురంగుల ఉండలు. నిజం చెప్పాడు కాబట్టి మార్కులు ఎక్కువ తగ్గించలేదు. మళ్లీ వెళ్తే ఇక్కడికే వెళ్తాను, చిప్స్ లేకుండా.

ఆఖరి రోజు పిన్ని వాళ్లింట్లో. తెల్లారగట్ల లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టింది. తర్వాత ఊడ్చిన పోగుని చేటలోకి ఎత్తి, రోడ్డు దాటి కాలవగట్టు మీద నుంచి కిందికి కుమ్మరించింది. పాల ప్యాకెట్లు, షాంపూ సాషేలు, మనవడి డైపర్ ఒకటి.

"ఏం చెయ్యమంటావు నాన్నా, ఇటు వరిచేను, అటు కొబ్బరితోట. ఖాళీ జాగా ఎక్కడుంది? గట్టే మిగిలింది" అంది. పంచాయతీ వాళ్లు చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం అని షెడ్డు కట్టారు, అందులో అప్పుడు ఎవరివో గడ్డిమోపులున్నాయి. బండి కొన్నాళ్లు వచ్చి మానేసిందట. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక గోదావరి నీళ్లు తెచ్చిన కాలువల వ్యవస్థలోదే పిన్ని చెత్త పోసిన ఈ కాలవ. కింది ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపేది ఈ నీళ్లతోనే. ఆ నీళ్లు తాగలేక ఇంటింటా ఇరవై లీటర్ల టిన్ను. ఏప్రిల్లో కాలవకి నీళ్లు కట్టేశాక వస్తే అడుగున ఏముందో చూద్దువుగాని అంది పిన్ని, అదేదో ఊరి వింత చూపిస్తానన్నట్టు.

నాకు కాస్త కోపం వచ్చింది. మా హైదరాబాద్‌లో అయితే ఇంటిముందుకే ఆటో వస్తుంది, తడి పొడి విడివిడిగా ఇస్తాం అన్నాను.

"అది ఎక్కడికి పట్టుకెళ్తుంది?"

"జవహర్‌నగర్ అని, ఊరి చివర డంప్‌యార్డ్ ఉంది."

"అక్కడ ఇళ్లు లేవా?"

ఉన్నాయన్నాను. పిన్ని ఇంకేం అడగలేదు. మాకోసం తెప్పించిన మామిడి తాండ్ర పొట్లానికి, చీమలు పట్టకుండా, ఒకదాని మీద ఒకటి రెండు కవర్లు తొడిగి గట్టిగా ముడివేసింది.