ఆరేళ్లు వాడి చూశాక: అమెరికా ప్రభుత్వ బడిలో స్పీచ్ థెరపీ

కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా వాడాక మా మార్కు ఐదుకు మూడున్నర. ఖర్చు ఒక్క డాలరు కూడా లేదు. కోపే (వెళ్లిన ప్రతిసారీ మన చేతి నుంచి కట్టే వాటా) ఉండదు, విజిట్ల లెక్కా ఉండదు. 1975లో వచ్చి 1990లో ‘ఐడియా’గా పేరు మార్చుకున్న, వైకల్యం ఉన్న పిల్లల చదువు చట్టం ప్రకారం, అర్హత తేలిన 3 నుంచి 21 ఏళ్ల పిల్లలకు ఇది హక్కు. బయటి క్లినిక్కు బిల్లు చూసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. మరి ఒకటిన్నర మార్కు ఎక్కడ పోయిందంటారా?

‘మాట తిరగడం లేదు’ అంటే బడిలో సరిపోదు. దానివల్ల చదువు దెబ్బతింటోందని తేలాలి. అందుకే క్లినిక్కులో ‘థెరపీ కావాలి’ అన్న పిల్లాడికే బడిలో ‘అర్హత లేదు’ అని రావచ్చు. అయితే చదువంటే మార్కులొక్కటే కాదు. క్లాసులో నోరు విప్పకపోవడం, పైకి చదవమంటే బాత్రూమ్ పేరు చెప్పి తప్పించుకోవడం, మాట అర్థం కాక తోటిపిల్లలు ఆటలో కలుపుకోకపోవడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. టీచరుతో వీటిని రాయించి పెట్టుకోండి.

పిల్లాడికి పరీక్ష చేసి అర్హత తేల్చమని టీచరుని నోటిమాటగా అడిగితే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. తేదీ వేసి ఈమెయిల్‌లో అడగాలి. పరీక్షకు ఒప్పుకుంటూ మీరు సంతకం పెట్టిన రోజు నుంచి 60 రోజులు గడువు (కొన్ని రాష్ట్రాలకు సొంత గడువులున్నాయి). అర్హత తేలాక 30 రోజుల్లో ఐఈపీ (పిల్లాడికి ఏ సేవలు, ఎంతసేపు, ఏ లక్ష్యాలతో ఇస్తారో రాసే పత్రం) మీటింగు పెట్టాలి. ‘ముందు కొన్నాళ్లు క్లాసులోనే అదనపు సాయం చేసి చూద్దాం’ అనే జవాబు తరచూ వస్తుంది. ఆ సాయం మంచిదే, కానీ దాన్ని చూపించి పరీక్ష వాయిదా వేయకూడదని కేంద్ర విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు రాసింది. కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీద ఇవ్వాల్సిందే.

తెలుగిళ్ల పిల్లలకు అసలు చిక్కు పరీక్షలో ఉంటుంది. సెల్ఫ్-5 (CELF-5) లాంటి భాషా పరీక్షల్లో సగటు 100, 85 నుంచి 115 మధ్య వస్తే మామూలే. కానీ ఆ కొలత అమెరికా పిల్లల ఇంగ్లీషు మీద కట్టింది. మన భాషలో ‘ఇది పుస్తకం’ అంటే వాక్యం అయిపోయింది, ‘ఈజ్’ లేదు, ‘ఎ’, ‘ద’ అసలే లేవు. ‘అది వచ్చింది’ అంటే వచ్చింది పిల్లీ కావచ్చు, పక్కింటి పిల్లా కావచ్చు, అందుకే షీ, ఇట్ తారుమారవుతాయి. ఇంగ్లీషు వి (V), డబ్ల్యూ (W) రెండింటికీ మనకున్నది ఒకటే ‘వ’. ఇవి తేడాలే తప్ప లోపాలు కావు. వీటికి మార్కులు కోసి సమస్య అని రాస్తే ఒప్పుకోవద్దు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకా ప్రమాదం: ‘రెండు భాషలు కదా, అదే సర్దుకుంటుంది’ అని నిజమైన సమస్యను వదిలేయడం. భాషాపరమైన లోపం ఉంటే అది తెలుగులోనూ కనబడుతుంది. నాలుగేళ్లు దాటినా వాక్యం రెండు మాటల దగ్గరే ఆగడం, ఇంట్లో తెలుగే వింటున్నా ‘నేను వచ్చాడు’ అంటుండటం, ఫోన్లో అమ్మమ్మకు ఒక్క ముక్కా అర్థం కాకపోవడం లాంటివి గమనించండి. మీటింగుకు ముందు ఇంట్లో ఆడుకుంటుండగా పది పదిహేను నిమిషాలు రికార్డు చేసి, ఓ 50 వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు రాసి, కింద మాటకు మాట ఇంగ్లీషు పెట్టండి. మంచి థెరపిస్టు స్కోరు కన్నా దీన్నే ఎక్కువ పట్టించుకుంటుంది.

వీలున్నంత వరకు పిల్లల సొంత భాషలో పరీక్షించాలని చట్టంలో ఉంది. తెలుగు వచ్చిన థెరపిస్టు దొరకడం అరుదు, దుబాసీని పెడతారు. పిల్లాడు విరిచి చెప్పిన వాక్యాన్ని దుబాసీ చక్కదిద్ది ఇంగ్లీషులో చెప్పేస్తే, పట్టుకోవాల్సిన తప్పు అక్కడే మాయమవుతుంది. ‘తప్పుతో సహా చెప్పండి’ అని ముందే అనాలి. ఇక ‘ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి’ అనే సలహాకు ఆధారం లేదు, పక్కన పెట్టేయండి.

థెరపీ మామూలుగా వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ముగ్గురు నలుగురు పిల్లల గుంపులో జరుగుతుంది. ఒక్క థెరపిస్టు చేతిలో 50 మంది దాకా ఉండటం మామూలే. క్లాసు నుంచి తీసుకొచ్చి కూర్చోబెట్టేసరికి ఐదు నిమిషాలు పోతాయి. మిగిలిన 25 నిమిషాలు ముగ్గురికి పంచితే తలా ఎనిమిది. కథ చెప్పడం, ప్రశ్నలకు జవాబివ్వడం లాంటివాటికి గుంపే మేలు. ఇంగ్లీషు ఆర్ లాంటి శబ్దానికి మాత్రం ఇది చాలదు. దానికి ఒక్కోసారి వంద దాకా పలికించాలి. విడిగా ఐదేసి నిమిషాలు, వారానికి నాలుగుసార్లు ఇమ్మని అడగండి, టైమ్‌టేబుల్ కుదిరితే ఒప్పుకుంటారు. అన్నట్టు, తెలుగు ‘ర’ ఖణేల్‌మని పలికే పిల్లలకూ ఆర్ రాకపోవచ్చు. మన ‘ర’కు నాలుక కొస పైన తగులుతుంది, ఆర్‌కు తగలకూడదు.

ఐఈపీలో ‘ఆర్ 80 శాతం సరిగ్గా’ అని రాస్తే ఆ లక్ష్యానికి అర్థం లేదు. విడి మాటలోనా, వాక్యంలోనా, కబుర్లలోనా? మాట మొదట్లోనా, చివరనా? థెరపిస్టు గుర్తుచేస్తేనా, తనంతట తానేనా? ఇవి లేకపోతే థెరపీ గదిలో 80 శాతం తెచ్చుకున్న పిల్లాడు క్లాసులో పాత పలుకే పలుకుతాడు, కాగితం మీద మాత్రం లక్ష్యం పూర్తయినట్టుంటుంది.

రాష్ట్ర పరీక్షల వారాల్లో, థెరపిస్టు మీటింగుల్లో ఉన్నప్పుడు సెషన్లు ఎగిరిపోతాయి. ఐఈపీలో నిమిషాలు వారం లెక్కన రాశారో నెల లెక్కన రాశారో చూడండి. నెల లెక్కయితే ఏ వారం ఎగిరిందో పట్టుకోవడం కష్టం. మూడు నెలలకోసారి హాజరు చిట్టా అడిగితే చాలా సంగతులు బయటపడతాయి.

నత్తికి ఐఈపీ రాకపోతే 504 ప్లాన్ (వైకల్యం ఉన్న పిల్లలకు క్లాసులో, పరీక్షల్లో ఇచ్చే వెసులుబాట్ల పత్రం) అడగొచ్చు, నోటితో చెప్పే పరీక్షల్లో అదనపు సమయమైనా దక్కుతుంది. బడి పరీక్ష ఫలితంతో విభేదిస్తే బడి ఖర్చుతోనే బయటివాళ్ల చేత పరీక్ష చేయించమని రాయండి. అప్పుడు బడివాళ్లు ఒప్పుకోవాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని విచారణ అధికారి ముందు నిరూపించాలి.

ఉద్యోగం మారి విద్యా సంవత్సరం మధ్యలో ఊరు మారితే, కొత్త బడి తన నిర్ణయం తీసుకునేదాకా పాత ఐఈపీకి సాటి సేవలు ఇవ్వాలి. రికార్డులు ఆఫీసుల మధ్య తిరిగి వచ్చేదాకా ఆగకుండా, పాత ఐఈపీ, చివరి పరీక్ష నివేదిక, చివరి ప్రోగ్రెస్ రిపోర్టు సామాన్ల లారీలో వేయకుండా చేతిసంచీలో పెట్టుకుని వెళ్లండి.