ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లలకు థానీ: వాడి చూశాక నా మాట

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అయిపోయి కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలున్న ఇళ్లలో ఒకటే టెన్షన్: సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు వస్తే కోడింగ్ ముందే నేర్పించాలా? జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను కాబట్టి నన్నూ చాలామంది అడుగుతుంటారు. నేర్పించండి, కానీ వేలకు వేలు ఫీజు కట్టేముందు థానీ వేసి చూడండి అంటాను. ఈ వేసవిలో మా చెల్లెలి కూతురి చేత దీంతోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టించాను.

థానీ అంటే పైథాన్ ప్రోగ్రాములు రాసి నడుపుకునే సాఫ్ట్‌వేర్. ఎస్టోనియాలోని టార్టు యూనివర్సిటీలో, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైంది. పూర్తిగా ఉచితం. పైథాన్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది, విడిగా వేసుకోనక్కర్లేదు. వాళ్లింట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్. దాని మీద కూడా హాయిగా నడిచింది.

ఎంపీసీ పిల్లలు మొట్టమొదట ఎక్కడ ఆగుతారో తెలుసా? ఎక్స్ ఈక్వల్స్ ఎక్స్ ప్లస్ వన్ దగ్గర. మా పిల్లా అక్కడే ఆగింది. "పెద్దమ్మా, రెండువైపులా ఎక్స్ కొట్టేస్తే సున్నా, ఒకటి సమానం అయిపోతాయి కదా!" అంది. రెండేళ్లు సమీకరణాలు సాధించిన పిల్లకు రావాల్సిన డౌటే అది. ఇలాంటివి నోటితో చెబితే తల ఊపుతారు గానీ నమ్మరు. థానీలో కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కి, ఆ తర్వాత ఎఫ్7 నొక్కుతూ పోతే కంప్యూటర్ చేసే పని అడుగడుగునా కనిపిస్తుంది. ఎక్స్ విలువ 4 అనుకోండి. ముందు కుడివైపు ఎక్స్ ఉన్నచోట 4 వచ్చి కూర్చుంటుంది. తర్వాత 4 ప్లస్ 1 కాస్తా 5 అవుతుంది. అప్పుడుగానీ పక్కనున్న వేరియబుల్స్ (ఎక్స్ లాంటి, విలువలు దాచుకునే పేర్లు) పట్టికలో ఎక్స్ ఎదురుగా 4 పోయి 5 పడదు. మళ్లీ మళ్లీ నొక్కి చూసుకుని, "ఓ, ముందు కుడివైపు లెక్క చేసి, ఆ జవాబుని ఎక్స్‌లో పెడుతోందన్నమాట" అని తనే చెప్పింది. నాకు ఎంత సంతోషం వేసిందో!

ఆ పట్టిక కనిపించకపోతే వ్యూ మెనూలో వేరియబుల్స్‌కి టిక్ పెట్టాలి. తప్పకుండా పెట్టండి. రెండు అంకెలు అడిగి కూడే ప్రోగ్రాములో, ఇచ్చినదాన్ని అంకెగా మార్చమని రాయడం మరిచిపోతే, 5, 3 ఇస్తే 53 వస్తుంది, పిల్లలు బెంబేలెత్తిపోతారు. పట్టికలో చూస్తే 5కి అటూ ఇటూ కోట్స్ ఉంటాయి. అది అంకె కాదు, అక్షరాల కింద తీసుకుందని అక్కడే తెలిసిపోతుంది.

ఫంక్షన్లకైతే (పేరు పెట్టి, కావాల్సినప్పుడు పిలుచుకునే ప్రోగ్రాము ముక్కలు) ఇంకా బాగుంది. ఫ్యాక్టోరియల్ 4 రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకునేలా రాసి ఎఫ్7 నొక్కుతూ పోతే, ఒక్కో పిలుపుకీ ఒక్కో కొత్త విండో తెరుచుకుంటుంది, దేని ఎన్ విలువ దానిదే. చివరికి వచ్చాక ఒక్కొక్కటే మూసుకుంటూ జవాబుని కిందున్న విండోకి అందిస్తాయి. రికర్షన్ అంటే భయపడే సెకండియర్ పిల్లలకు కూడా ఇది చూపించాలి.

లోపాలూ ఉన్నాయి. ఇందులో పాఠాలు ఉండవు, ఏం రాయాలో చెప్పేవాళ్లో, మంచి పుస్తకమో పక్కన ఉండాలి. తప్పు జరిగితే వివరించే అసిస్టెంట్ ఉంది గానీ మా పిల్ల చూసిన వివరణలన్నీ ఇంగ్లీషే, తెలుగు మీడియం పిల్లలకు మొదట్లో ఎవరైనా చదివి చెప్పాలి. పెద్ద లూపుల్లో (ఒకే పని మళ్లీ మళ్లీ చేయించేచోట) ఎఫ్7తో వెళ్తే విసుగొస్తుంది, అక్కడ ఎఫ్6 వాడి లైను మొత్తం ఒకేసారి దాటించాలి.

"ఫస్టియర్‌లో సీ భాష కదా, పైథాన్ ఎందుకు?" అని మా మరిది గారు అడిగారు. నిజమే, మన దగ్గర చాలా కాలేజీల్లో మొదట చెప్పేది సీయే. థానీలో సీ రాయలేం. కానీ ఇఫ్, లూప్, ఫంక్షన్ వెనకున్న ఆలోచన రెండింటిలోనూ ఒకటే. అది ముందే వచ్చేస్తే, సీ క్లాసు మొదలయ్యాక పిల్లలు తమ శక్తంతా వేరియబుల్ టైపుల మీద, పాయింటర్ల (మెమరీలో చిరునామాలు దాచుకునేవి) మీద పెట్టుకోవచ్చు. అప్పుడు థానీని పక్కనపెట్టి కాలేజీ ల్యాబులో ఏది వాడితే అదే ఇంట్లోనూ వేసుకోండి.